తమ్ముడికి కత్తి కొనబోతున్న అక్కకి

ప్రశ్న: బాబాయ్ గారూ, మాది గాజువాక. మా తమ్ముడు అగ్నివీర్‌గా చేరి, శిక్షణ ముగించుకుని సెలవు మీద ఇంటికొచ్చాడు. ఇంకో 12 రోజుల్లో మొదటి పోస్టింగ్‌కి బయల్దేరతాడు. ఫీల్డ్‌లో మంచి కత్తి ఒకటి ఉంటే బావుంటుందని మాటవరసకి అన్నాడు. వాడికి చెప్పకుండా నా జీతంలోంచి కొనిద్దామని వెతికితే ఆన్‌లైన్‌లో ఒకటి బాగా నచ్చింది. 10 అంగుళాల అలుగు, వీపు మీద రంపం పళ్ళు, బోలు పిడి, అందులో అగ్గిపుల్లలు, గేలం, దారం, పిడి చివర దిక్సూచి. నల్లగా భలే ఉంది. కొనొచ్చా? స్టీల్ ఏది చూడాలి? ఇంకో సంగతి, కత్తి కానుకగా ఇవ్వకూడదని మా అమ్మ గొడవ చేస్తోంది. మీరు మిలటరీలో చేశారు కాబట్టి అడుగుతున్నాను.

సమాధానం:

కొనకు తల్లీ. మిగతావన్నీ నిదానంగా చెప్తాను గానీ, ఈలోగా నువ్వు ఆర్డర్ పెట్టేస్తావేమోనని ముందే చెప్తున్నాను.

నువ్వు రాసిన కత్తికి తోడబుట్టిన దాన్ని నేనూ కొన్నాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు సెలవుకొచ్చినప్పుడు, టౌన్‌లో ఒక కొట్లో అద్దాల బీరువాలో కనబడితే ఆగలేకపోయాను. అదే బోలు పిడి, అదే రంపం, అదే దిక్సూచి. తిరిగి వెళ్ళిన నెలలోనే యుద్ధ విన్యాసాల ఎక్సర్‌సైజ్‌లో ఒక చెక్కపెట్టె మూత లేపాల్సొచ్చింది, మేకులు కొట్టి ఉంది, నా దగ్గర అంత గొప్ప కత్తి ఉండగా ఇంకోటి ఎందుకని మొన దూర్చి ఒత్తాను. టక్కుమంది. పిడి నా చేతిలో ఉంది, అలుగు పెట్టెలో ఉంది. మా హవల్దార్ సాబ్ తిట్టలేదు, అదే ఇంకా సిగ్గుగా అనిపించింది. మూతకి గునపం తెమ్మన్నాడు, లోపలి కట్ల తాళ్ళు కోయడానికి తన నడుముకున్న నాలుగంగుళాల పాత చాకు తీసి ఇచ్చి, తుడిచి తిరిగి ఇవ్వమన్నాడు. ఆ చాకు ఆయన దగ్గర ఎన్నేళ్ళ నుంచి ఉందో తెలీదు, పదును మాత్రం కొత్తదానిలా ఉంది.

బోలు పిడిలో అలుగు ఎంతవరకు దిగి ఉంటుందో ఆలోచించు. అగ్గిపుల్లలకి చోటు కావాలంటే ఇనుము ఉండకూడదు కదా. చవక రకాల్లో అలుగు మొదట్లోనే ఓ అంగుళం మేర ఒక నట్టుతోనో చిన్న వెల్డింగ్‌తోనో ఆగి ఉంటుంది, మన బలమంతా పడేది సరిగ్గా అక్కడే. ఇక ఆ దిక్సూచి సంగతి తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అయస్కాంతపు ముల్లుని తీసుకెళ్ళి అరకిలో ఉక్కు నెత్తిన కూర్చోబెడితే అది ఉత్తరం ఎలా చూపిస్తుంది? పైగా పక్కన రైఫిల్ కూడా ఉంటే ఆ ముల్లు ఎటు తిరగాలో తెలీక కొట్టుకుంటూ ఉంటుంది. మీ తమ్ముడికి దిశ చూసుకోవడానికి వేరే దిక్సూచి ఉంటుంది, దాన్ని ఇనుముకి దూరంగా పెట్టి చూడాలని శిక్షణలోనే నేర్పించి ఉంటారు.

ఇప్పుడు అసలు మాట. ఫీల్డ్‌లో జవాను కత్తితో ఏం చేస్తాడని నువ్వనుకుంటున్నావ్? నేను 17 ఏళ్ళు చేశాను, చాలా ఏళ్ళు ఇంజనీర్ పలటన్‌లో. రేషన్ ప్యాకెట్ కోయడం, టెంటు తాళ్ళు కోయడం, టేపు, ప్యాకింగ్ పట్టీ, వైరు మీద ప్లాస్టిక్ తొడుగు, ఎవరికైనా దెబ్బ తగిలితే ప్యాంటు కోసి గాయం బయటపెట్టడం, మేకులు దొరకని చోట వెదురు పుల్లల్ని చెక్కి టెంటుకి గూటాలు చెయ్యడం, పొయ్యి రాజేయడానికి కట్టెని పొట్టులా గీయడం, ఉల్లిపాయలు. మరీ ముఖ్యంగా ఉల్లిపాయలు. శత్రువుతో కొట్లాటకి రైఫిల్ ఉంది, దాని మొనకి బిగించే బేనెట్ ఉంది, అది సర్కారుది, పని అయ్యాక కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో, జమ చెయ్యాలి. కొట్లాట కోసమే ప్రత్యేకంగా చేసిన కత్తులూ లేకపోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ కమాండోల కోసం ఫెయిర్‌బెయిర్న్, సైక్స్ అనే ఇద్దరు రూపొందించిన బాకు ఉంది, వాళ్ళు అంతకుముందు షాంఘై పోలీసుల్లో పనిచేసినవాళ్ళు. రెండు వైపులా అంచు, సన్నని మొన, చూడ్డానికి అందమైన ఆయుధమే. దానితో డబ్బా మూత తెరవబోతే మాత్రం మొన ఎగిరిపోతుంది, ఉల్లిపాయ కోయబోతే వేలు తెగుతుంది. మీ తమ్ముడు కమాండో కాదు, మొదటి పోస్టింగ్ కుర్రాడు. వాడికి బాకు వద్దు, చాకు కావాలి.

అందుకే పొడుగు దగ్గర మొదలుపెడదాం. అలుగు నాలుగు నుంచి ఐదు అంగుళాలు. అంతే. అమెరికన్ మెరైన్లు 1942లో తీసుకున్న కేబార్ కత్తి అలుగు 7 అంగుళాలు, ప్రపంచమంతా పేరున్న ఫీల్డ్ కత్తి అది, దాన్ని మించి పొడుగెందుకో నాకు ఏనాడూ అర్థం కాలేదు, నా లెక్కలో ఆ 7 కూడా కొంచెం ఎక్కువే. పది అంగుళాల కత్తి నడుముకి కట్టుకుని లారీ వెనక కూర్చో, దాని చివర సీటుకి తగిలి పిడి పక్కటెముకల్లో గుచ్చుకుంటుంది. నేల మీద పాకుతున్నప్పుడు తొడకి అడ్డం తిరుగుతుంది. బరువు సంగతి సరేసరి. పిట్టూలో, అంటే వీపున మోసే సంచిలో, ప్రతి వంద గ్రాములూ పదో కిలోమీటరు దగ్గర కిలో అవుతుంది, అది మోసినవాడికే తెలుస్తుంది. కొమ్మలు నరకాలంటే పెద్దది కావాలి కదా అని నువ్వడగొచ్చు. నరకడానికి వేరే సామాను ఉంటుంది, గొడ్డలి ఉంటుంది, గూర్ఖాల పక్కన పనిచేస్తే వాళ్ళ ఖుక్రీ ఉంటుంది. ఖుక్రీ బరువంతా ముందు వంపులోనే ఉంటుంది, అందుకే ఒక్క దెబ్బకి కొమ్మ తెగుతుంది, అదే బరువు వల్ల దానితో సన్నపని చెయ్యాలంటే నానా అవస్థ. మన ఇళ్ళల్లో మాంసం కొట్టే మచ్చుకత్తితో పచ్చిమిరపకాయలు తరగం కదా.

ఇంకోటి కూడా ఉంది పొడుగు విషయంలో. మన ఆయుధాల చట్టం 1959 నాటిది, దాని కింద వచ్చిన నిబంధనల్లో అలుగు 9 అంగుళాలు దాటినా, వెడల్పు 2 అంగుళాలు దాటినా ఆ కత్తి ఆయుధాల జాబితాలోకి వెళ్తుంది. ఇంటి పనికీ, పొలం పనికీ చేసినవాటికి మినహాయింపు ఉంది గానీ, రంపం పళ్ళున్న నల్ల కత్తిని చూపించి ఇది వంకాయలు తరగడానికి సార్ అంటే ఏ కానిస్టేబులూ నమ్మడు. నువ్వు చూసింది 10 అంగుళాలు. రైల్వే స్టేషన్‌లో స్కానర్ దగ్గర వాడు నిలబడి సంజాయిషీ చెప్పుకోవడం నీకు ఇష్టమేనా? చిన్న కత్తయినా సరే, ఒరలో పెట్టి, గుడ్డ చుట్టి, పెట్టె అడుగున పెట్టుకోవాలి, నడుముకి కట్టుకుని రైలెక్కకూడదు. విమానమైతే చేతి బ్యాగులో అసలు కుదరదు, లగేజీలో వేసెయ్యాలి.

స్టీల్ గురించి అడిగావు. దానికంటే ముందు అలుగు పిడిలో ఎలా కూర్చుందో చూడాలి, ఎందుకంటే కత్తులు విరిగేది సాధారణంగా అక్కడే. పిడిలోకి దూరే భాగాన్ని ట్యాంగ్ అంటారు, మన కొడవలికి చెక్క పిడిలోకి దిగేసే తోక లాంటిది. ఒకే ఇనుప బద్ద మొన నుంచి పిడి చివరిదాకా, పిడి అంత వెడల్పుతో ఉండి, రెండు పక్కలా చెక్కో ప్లాస్టిక్కో రివెట్లతో బిగిస్తే దాన్ని ఫుల్ ట్యాంగ్ అంటారు. పిడి అంచుల్లో ఇనుము కంటికి కనబడుతుంది, మోసానికి తావు తక్కువ. నీలాంటి మొదటిసారి కొనేవాళ్ళకి నేను అదే చెప్తాను. అలాగని సన్న తోక ఉన్నవన్నీ పనికిరానివి కావు, ఇందాక చెప్పిన కేబార్‌ది సన్న తోకే, తోలు బిళ్ళల్ని దండలా గుచ్చి పిడి కడతారు, అది ప్రపంచ యుద్ధమే చూసింది. తేడా ఏమిటంటే ఆ తోక పిడి చివరిదాకా వచ్చి అక్కడ గట్టిగా బిగిసి ఉంటుంది. ఇంకో చిన్న కిటుకు. అలుగు సన్నబడి తోకగా మారే మూల సూటిగా, చదరంగా కోసినట్టు ఉంటే పగులు అక్కణ్ణించే మొదలవుతుంది, గుండ్రంగా తిప్పి ఉంటే బలం సర్దుకుంటుంది. పిడి ఊడదీసి చూడలేవు కాబట్టి ఇది బయటికి కనబడదు, అందుకే కొంచెం పేరున్న తయారీ కొనమంటాను.

స్టీల్‌కి వద్దాం. కత్తి మీద స్టెయిన్‌లెస్ స్టీల్ అని మాత్రమే రాసి ఉంటే అది బస్తా మీద బియ్యం అని రాసినట్టే. సోనా మసూరీనా, కోటా బియ్యమా చెప్పాలి కదా. రకం పేరు రాయని కత్తిని పక్కన పెట్టెయ్. రకాల్లో రెండు వర్గాలున్నాయి. ఒకటి మామూలు కార్బన్ స్టీల్, 1095 అనేది బాగా వినబడే పేరు, అందులో దాదాపు 0.95 శాతం కార్బన్ ఉంటుంది, గట్టిది, రాయి మీద నాలుగు సార్లు గీస్తే పదునెక్కుతుంది, కానీ తుప్పుకి ప్రాణం పెడుతుంది. రెండోది క్రోమియం కలిపిన స్టెయిన్‌లెస్. స్వీడన్‌లోని మోరా కంపెనీ కొన్ని కత్తులకి వాడే 14సీ28ఎన్ అనే రకంలో క్రోమియం 14 శాతం ఉంటుంది, తుప్పు తొందరగా పట్టదు, పదును తేవడం కూడా పెద్ద కష్టం కాదు. డీ2 అని ఇంకోటి ఉంది, చాలా రోజులు పదును నిలుస్తుందని గొప్పగా చెప్తారు, నిజమే, అయితే ఒకసారి మొద్దుబారిందా, గుడారంలో కూర్చుని ఉత్త రాయి మీద దాన్ని తిరిగి దారికి తేవడానికి ఒక ఆదివారం పోతుంది. కొత్తవాడికి వద్దు.

మన వైజాగ్ వాళ్ళకి ఉప్పుగాలి సంగతి వేరేగా చెప్పక్కర్లేదు. బీచ్ రోడ్డు వైపు ఇళ్ళ కిటికీ గ్రిల్స్ చూడు, రంగేసిన రెండేళ్ళకి పొక్కులు లేచిపోతాయి. మీ తమ్ముణ్ణి తీరానికో, తేమ అడవులకో వేస్తే స్టెయిన్‌లెస్ కళ్ళు మూసుకుని తీసుకో. ఎడారికో, చలి కొండలకో వేస్తే ఏదైనా ఒకటే. ఎక్కడ వేశారో నీ ఉత్తరంలో రాయలేదు, అది మంచి పని, వాడు చెప్పినా ఎవరికీ రాయకు. తెలీనప్పుడు స్టెయిన్‌లెస్సే క్షేమం, ఎందుకంటే కుర్రాళ్ళు రాత్రి కాపలా కాసొచ్చి కత్తికి నూనె రాసి పడుకోరు, నేనూ రాయలేదు. స్టెయిన్‌లెస్ అంటే అసలు తుప్పే పట్టదని మాత్రం అనుకోవద్దు, ఉప్పునీళ్ళలో తడిపి అలాగే ఒరలో దోపేస్తే సూది పొడిచినట్టు చుక్కలు చుక్కలుగా తినేస్తుంది. నల్ల పూత కూడా అంతే. పూత ఉన్నంత మేర కాపాడుతుంది, ఎండలో మెరవకుండా ఉంటుంది, అసలు కోసే అంచు మీద పూత ఉండదు కాబట్టి తుప్పు అక్కడే మొదలవుతుంది.

మీది గాజువాక అన్నావు కదా, ఇంట్లోనో పక్కింట్లోనో స్టీల్ ప్లాంట్ వాళ్ళు ఉండే ఉంటారు, మన ప్లాంట్ కడ్డీతో చేయిద్దాం అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ప్రేమ బాగానే ఉంది. కట్టుబడికి వాడే కడ్డీలో కార్బన్ తక్కువ, అది వంగాలి, విరక్కూడదు, వెల్డింగ్ అవ్వాలి, అందుకోసం చేసిన ఇనుము. ఎంత కాల్చి ముంచినా దానికి అంచు నిలవదు. కొలిమి దగ్గర చేయించాలని పట్టుదలగా ఉంటే లారీ కమాను బద్దతో చేయించాలి, అది స్ప్రింగ్ స్టీల్, ఖుక్రీలు కూడా ఎక్కువగా దానితోనే కొడతారు. పాడేరు, అరకు సంతల్లో గిరిజనుల కత్తులు చూసే ఉంటావు. అడవిలో వాటిని మించిన పనిముట్టు లేదు, నేనొకటి ఇంట్లో ఉంచుకుని కొబ్బరి మట్టలు కొడుతుంటాను. కానీ అది నరికే కత్తి, చెయ్యి ముందుకి జారకుండా అడ్డు ఉండదు, యూనిఫాం మీద కట్టుకునే ఒర ఉండదు. అందుకని వాడికి కాదు.

అన్నట్టు స్టీల్‌కి ఎంత గట్టిదనం ఇచ్చారన్నది కూడా రాస్తారు, రాక్‌వెల్ అంకె అంటారు. ఫీల్డ్ కత్తికి 56 నుంచి 58 మధ్య ఉంటే చాలు. అరవై దాటినవి వంటింటి కత్తులకి బావుంటాయి గానీ, రాయికి తగిలితే అంచు పెచ్చులూడుతుంది. వంగిన అంచుని సరిచేసుకోవచ్చు, ఊడిన పెచ్చుని అతికించలేం.

రంపం పళ్ళ గురించి ఒక్క ముక్క. వీపు మీద ఉండే ఆ పళ్ళతో చెట్టుకొమ్మ కోసినవాణ్ణి నేను చూళ్ళేదు. మందమైన అలుగు మీద పళ్ళు కోస్తే రెండు గీతలు పడేసరికి ఇరుక్కుంటుంది, రంపానికి పల్చదనం కావాలి. పైగా కత్తి వీపు మీద కర్రతో కొట్టి కట్టె చీల్చుకోవడం ఫీల్డ్‌లో బాగా పనికొస్తుంది, పళ్ళుంటే అదీ పోయె, బొటనవేలు ఆనించి ఒత్తడమూ పోయె. కోసే అంచులో సగం అలల్లా ఉండే రకం వేరు, తాళ్ళు, బెల్టులు బాగా కోస్తుంది. కాకపోతే దాన్ని మామూలు రాయి మీద నూరలేం, కాబట్టి నా ఓటు నున్నటి అంచుకే. మొన మామూలుగా వంగి కిందికి దిగేది చాలు, వీపు మందం మూడు నాలుగు మిల్లీమీటర్లు.

ఇంక ఒర. దీని మీద ఎవరూ డబ్బు పెట్టరు, ఉత్తరంలో నువ్వూ ఒక్క మాట రాయలేదు. నన్నడిగితే సగం మనసు కత్తి మీద, సగం ఒర మీద పెట్టాలి. నా రెండో కత్తి మంచిదే, దాన్ని విరగ్గొట్టుకోలేదు, పోగొట్టుకున్నాను. ఒక నాలా పక్కన రాత్రి పాకుకుంటూ వెళ్ళాం, పొద్దున్న చూస్తే ఒర ఉంది, కత్తి లేదు. పిడి చుట్టూ ఉన్న టిచ్ బటన్ తుప్ప తగిలి ఊడిపోయింది, కత్తి ఎక్కడ జారిందో ఏమో. మా కంపెనీ హవల్దార్ మేజర్‌కి అది చెప్పడం ఒక ఎత్తు, ఆ రాత్రంతా నా నడుము దగ్గర పదునైన ఇనుము బయట తిరిగిందన్న ఆలోచన ఇంకో ఎత్తు. అక్కడ పడి ఉంటే సరే, నా తొడలో దిగి ఉంటే? తొడ లోపలి పెద్ద రక్తనాళం తెగితే నిమిషాల్లో మనిషి పోతాడు.

అందుకే ఒరని ఇలా చూడు. కత్తి అందులో పెట్టి తలకిందులు చేసి గట్టిగా ఊపు, బటన్ పెట్టకుండానే. పడకూడదు. ఒంటి చేత్తో బయటికి రావాలి, చూడకుండా తిరిగి లోపలికి వెళ్ళాలి, కుడి చెయ్యి దెబ్బ తింటే ఎడమ చెయ్యి అందాలి. కింద నీళ్ళు కారడానికి చిన్న కన్నం ఉండాలి. తోలు ఒర చప్పుడు చెయ్యదు, చేతికి బావుంటుంది, కానీ మన దగ్గర వానాకాలంలో బీరువాలో బూట్లకి తెల్లగా బూజు పడుతుంది చూడు, ఒరకీ అదే గతి. తడి పీల్చుకుని రోజుల తరబడి కత్తిని ఆ తడిలోనే ఉంచుతుంది, ఇత్తడి రివెట్లు ఉంటే పచ్చగా చిలుము. మందమైన నైలాన్ ఒరలు చవక, లోపల గట్టి ప్లాస్టిక్ తొడుగు ఉందో లేదో వేలు పెట్టి చూడాలి, లేకపోతే ఏదో ఒకరోజు కింద పడినప్పుడు మొన ఒర చీల్చుకుని కాల్లోకి వస్తుంది. కైడెక్స్ అని గట్టి ప్లాస్టిక్ రకం ఉంది, కత్తి ఆకారానికి వేడిచేసి ఒత్తుతారు, టక్‌మని పట్టుకుంటుంది, నీళ్ళు పీల్చదు. ఇసుక దూరితే అలుగు మీద గీతలు పడతాయి, నడుస్తుంటే టకటకలాడుతుంది, రెండోదానికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టితే సరిపోతుంది. నేను కొంటే కైడెక్స్ కానీ, మోరా వాళ్ళిచ్చే లాంటి గట్టి ప్లాస్టిక్ ఒర కానీ కొంటాను.

ఒర ఎలా కట్టుకోవాలన్నది వాడి ఉస్తాదులు చెప్తారు. ఛాతీ మీద తలకిందులుగా కట్టుకున్న ఫొటోలు నువ్వు చూసే ఉంటావు, పడిపోయినప్పుడు పిడి గడ్డానికి తగులుతుంది, ఒర వదులైతే ఇంకా ఘోరం. బెల్టుకి పక్కన, మరీ వెన్నెముక మీదకి కాకుండా, మరీ ముందుకి కాకుండా. బెల్టు లూపు వాడి బెల్టంత వెడల్పు ఉందో లేదో కొనేముందే కొలవండి. దీనికోసం కొట్టుకి మళ్ళీ తిరిగినవాళ్ళు చాలామంది.

ఒర గురించే ఇంకో ముచ్చట. రష్యా వాళ్ళ ఏకేఎం రైఫిల్ బేనెట్‌కి అలుగులో ఒక కన్నం, ఒర చివర ఒక మేకు ఉంటాయి, రెండూ కలిపితే కత్తెరలా ముళ్ళతీగ కోస్తుంది. తీగలో కరెంటున్నా షాక్ కొట్టకుండా ఒరకి రక్షణ కూడా పెట్టారు. ఆస్ట్రియా సైన్యానికి గ్లాక్ కంపెనీ పిస్తోలు చెయ్యకముందే కత్తి చేసిచ్చింది, దాని అడ్డుపట్టీ పై కొమ్ముతో సోడా మూత తీసుకోవచ్చు. సైనికుడి కత్తి నిజంగా దేనికి పనికొస్తుందో అవి చేసినవాళ్ళకి బాగా తెలుసు.

పిడికి పెద్దగా చెప్పేదేం లేదు. మే నెలలో ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బస్సు కోసం నిలబడ్డప్పుడు అరచెయ్యి ఎలా తడుస్తుందో, ఆ చేత్తో పట్టుకుని చూడాలి. చెయ్యి తడి చేసుకుని పట్టుకున్నా జారకూడదు, వేళ్ళు అలుగు మీదకి వెళ్ళకుండా ముందు అడ్డు ఉండాలి. రబ్బరు లాంటిది, లేదంటే మైకార్టా అని గుడ్డ పొరల్ని జిగురుతో ఒత్తి చేసేది బావుంటాయి. నున్నగా పాలిష్ పెట్టిన చెక్క, మెరిసే కొమ్ము పిడి గోడకి తగిలించుకోవడానికి. వేళ్ళకి విడివిడిగా గుంటలు చెక్కినవి ఒక్క సైజు చేతికే కుదురుతాయి, గ్లవ్స్ వేసుకుంటే అసలు కుదరవు.

ఇందుకే చెప్తున్నాను, సర్‌ప్రైజ్ మానేసి వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళు. చెయ్యి వాడిది, బెల్టు వాడిది. ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి కొంటే పిడి లావో సన్నమో తెలీదు. కొట్లో కత్తిని కంటి ముందు పెట్టుకుని వీపు వెంబడి చూడాలి, అలుగు వంకర లేకుండా సూటిగా ఉందా అని. మొన దగ్గర, పిడి దగ్గర పట్టుకుని మెల్లగా ఆడిస్తే కదలిక ఉండకూడదు. పేపరు ముక్క కోసి చూడండి, అది పెద్ద పరీక్షేం కాదు, ఫ్యాక్టరీ పదును ఎవరైనా ఇస్తారు, కానీ అదీ లేదంటే ఇంక దేనికి.

కొనేముందు ఇంకో పని ఉంది, అసలు అదే మొదట చెయ్యాలి. వాడు వెళ్ళే యూనిట్‌లో సొంత కత్తి ఉంచుకోనిస్తారో లేదో కనుక్కోమను. కొన్నిచోట్ల పట్టించుకోరు, కొన్నిచోట్ల కిట్ తనిఖీలో తీసి పక్కన పెడతారు. అక్కడ ఇప్పటికే ఉన్న సీనియర్ ఎవరికైనా ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. వెళ్ళిన కొత్తలోనే కంపెనీ హవల్దార్ మేజర్ సాబ్ దృష్టిలో పడటం మంచిది కాదు, ఏ కారణం మీదైనా సరే. వద్దంటే ఆ డబ్బుతో మంచి టార్చీ కొను, వాడు జన్మంతా గుర్తుంచుకుంటాడు.

పదునుకి ఒక చిన్న సానరాయి, ఒక వైపు గరుకు, ఒక వైపు నునుపు ఉండేది, కత్తితో పాటే కొనిచ్చెయ్. రాయి మీద అలుగుని సుమారు 20 డిగ్రీలు పైకెత్తి నూరాలి, రెండు వైపులా సమంగా. ఊరికే గొప్ప కోసం రోజూ నూరితే కత్తి అరిగిపోతుంది. రాయి లేని రోజు పింగాణీ కప్పు బోర్లించి దాని అడుగున ఉండే గరుకు అంచు మీద గీసుకోవచ్చు. మా ఆవిడ నా మీద కేకలేసేది అందుకే, ఆవకాయ జాడీ అడుగు మీద నేను కత్తి నూరుతుంటే. ఇప్పుడే మీ ఇంట్లో ఉన్న పాత చాకు మీద వాడికి అలవాటు చెయ్, ఖరీదైన దాని మీద నేర్చుకోవద్దు.

నూనె రాయమంటే మనవాళ్ళకి కొబ్బరినూనె గుర్తొస్తుంది. తినేవి కోసే కత్తికి అది బాగానే పనిచేస్తుంది, అయితే 24 డిగ్రీల కిందికి దిగితే గడ్డకడుతుంది. చలి ప్రాంతానికి వెళ్తే సీసాలోంచి రాదు. కుట్టుమిషన్ నూనె సన్నగా పూస్తే తుప్పు రాదు, కూరగాయలు కోసేముందు తుడిచెయ్యాలి, అంతే. తడిస్తే మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, అప్పుడే ఒరలో పెట్టాలి. సెలవుకొచ్చినప్పుడు నెలల తరబడి ఒరలో ఉంచొద్దని చెప్పు, కాగితంలో చుట్టి బీరువాలో పెట్టుకోమను.

ఇక మీ అమ్మగారు. నువ్వు గొడవ అన్నావు గానీ ఆవిడ అన్నదాంట్లో నాకు తప్పేం కనబడలేదు. మా అమ్మ కూడా కత్తిపీట గానీ కత్తెర గానీ చేతికిచ్చేది కాదు, కింద పెట్టేది, మనమే తీసుకోవాలి. ఉప్పు కూడా అంతే. చేతిలోంచి చేతికిస్తే గొడవలొస్తాయని పెద్దలు అనేవారు. గొడవల సంగతి నాకు తెలీదు గానీ, పదునైన వస్తువు ఒకరి చేతిలోంచి ఇంకొకరు లాక్కుంటే వేళ్ళు తెగడం మాత్రం ఖాయం, పలటన్‌లో మాకూ అదే నేర్పారు: కింద పెట్టు, లేదంటే పిడి అవతలివాడి వైపు తిప్పి, అతను పట్టుకున్నాడని తెలిశాకే వదులు. కాబట్టి నువ్వు ఆవిడతో వాదించకు. కత్తిని ఒరతో సహా దేవుడి దగ్గర పెట్టమను, కుంకుమ బొట్టు పెట్టమను, దసరాకి ఆయుధపూజ చేసే ఇళ్ళే కదా మనవి. తర్వాత వాడే వెళ్ళి తీసుకుంటాడు. నువ్వు చేతికిచ్చినట్టూ కాదు, ఇవ్వనట్టూ కాదు. బొట్టు మాత్రం సాయంత్రానికల్లా తుడిచేయించు, కుంకుమలో తేమ ఉంటుంది, కార్బన్ స్టీల్ అయితే మర్నాటికి అక్కడే మచ్చ పడుతుంది.

పన్నెండు రోజులే ఉన్నాయన్నావు. యూనిట్ సంగతి రేపే కనుక్కోండి. కొట్టుకి శనివారం మాత్రం వెళ్ళకండి, శనివారం పూట ఇనుము కొన్నారని తెలిస్తే మీ అమ్మగారు నిన్ను వదిలేసి నాకు ఉత్తరం రాస్తారు.